ముక్తినాథ్ పోయే అమ్మిణికి

తిరుపతి

అమ్మిణీ, అవ్వ ఆశీస్సులు.

స్నేహితులతో నేపాల్‌లో ముక్తినాథ్ పోతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి ఒకపక్క సంతోషం, ఒకపక్క దిగులు. 108 దివ్యదేశాల్లో ఆ సాలగ్రామ క్షేత్రాన్ని మనింట్లో నేనూ మీ తాతే చూసినాం. ఇప్పుడు నువ్వు.

కాచిన నీళ్లే తాగు. ఉన్ని టోపీ మరవద్దు. కొండల ఎత్తు పడక వచ్చే జబ్బుకు వాడే డయామాక్స్ మాత్ర నీకు పడుతుందో లేదో ముందే డాక్టరునడుగు. గుడికి కిందుండే జోమ్‌సోమ్ ఊరికి విమానాలు పొద్దున్నే, తర్వాత గాలి లేస్తుంది. ఒకరోజు ఎక్కువే పెట్టుకో.

"అలిపిరి మెట్లు 3,550 రెండు గంటల్లో ఎక్కుతా, నాకేమయితుంది" అన్నావంట. ఆ మాటకే ఈ జాబు. నేనూ అట్లనే అనుకున్నా. తిరుమల వెయ్యి మీటర్లు కూడా లేదే! ముక్తినాథ్ 3,700 పైన. అక్కడ గాలి పల్చన, కాళ్ల బలం లెక్కకు రాదు.

పొద్దున పోఖరాలో బయల్దేరి సాయంత్రానికి గుడి కింద రాణిపౌవా చేరినాం. రాత్రి తల పగిలిపోయింది, తిన్నది నిలవలేదు. రెండేళ్లు చీటీ కట్టి తీసుకొచ్చిన మనిషికి చెప్పబుద్ధి కాలేదు. నోట్లో కొంగు కుక్కుకుని పడుకున్నా. తెల్లారి పస్తుతోనే గుడి దగ్గర ఆ 108 నీటి ధారల కింద తడిసినా. స్వెట్టరు వేసుకుంటే గుండీ కాజాలోకి పోలేదు. ఎంతసేపయినా పోలేదు. చలికి వేళ్లు కొంకర్లు పోయినాయనుకున్నా. తాత ఏదో అడిగితే, ఆవు ఈనిందా అని నేను ఎదురడిగినానంట. నా తూలే నడక చూసి జీపు డ్రైవరు మారుమాట లేకుండా బండెక్కించి కిందికి దించినాడు. వెయ్యి మీటర్లు దిగి జోమ్‌సోమ్ చేరినాక ఆ గుండీ నేనే పెట్టుకున్నా. తాత అప్పుడు ఏడ్చినారు. "తలనొప్పి అని ఒక్కమాట చెప్పలేకపోయినావా?"

నువ్వూ అట్లాంటిదానివే. చిన్నప్పుడు మోకాలు చీరుకుపోతే పావడా కింద దాచేదానివి. ఇతరుల సంతోషం చెడుతుందని నోరు మూసుకున్నావంటే నేనూరుకోను! జోమ్‌సోమ్‌లో రెండు రాత్రులు పడుకుని ఎక్కు. తలనొప్పి వస్తే ఆడనే ఆగు, మాత్ర మింగి ఎక్కొద్దు. తగ్గకపోయినా, నడక తూలినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా, అర్ధరాత్రయినా దిగు. పక్కనున్న పిల్ల మాట తడబడినా అంతే, ఒంటరిగా పంపొద్దు.

పప్పులపొడి డబ్బా మీ అమ్మ చేతికిచ్చినా. ఆ ధారల కింద మునగొద్దు తల్లీ. నా పేరు చెప్పి రెండు చుక్కలు నెత్తిన చల్లుకో, చాలు.

మీ అవ్వ