గ్రూపు సంగతి తర్వాత, ముందు ఆ మాట ఆపండి

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల వైపు, సముద్రం ఒడ్డున ఉన్న ఊరి నుంచి ఒక తల్లి రాశారు. భర్త గుజరాత్‌లో వెరావల్ రేవు బోట్ల మీద తండేలు, అంటే బోటు నడిపించే పెద్ద. ఆవిడ ఎండుచేపలు అమ్ముతారు. కొడుకు సర్కారు హైస్కూల్లో పదో తరగతి. పెద్దయ్యాక ఏం కావాలనుకుంటున్నారో, దానికోసం ఏం చేస్తారో రాయమని మాస్టారు క్లాసులో కాగితాలిస్తే, ఈ అబ్బాయి ఖాళీ కాగితం ఇచ్చేశాడు. మాస్టారు కబురు పెడితే ఆవిడ తల దించుకుని వెళ్లొచ్చారట. "వీడికి లక్ష్యం అంటూ లేదు. ఎలా పెట్టించాలి? ఎంపీసీలో వేయాలా, బైపీసీలో వేయాలా?" అన్నది ప్రశ్న.

అమ్మా,

లెక్కలంటే భయం లేకపోతే ఎంపీసీ. లెక్కలు బొత్తిగా పడకపోయి, సైన్స్ ఇష్టమైతే బైపీసీ. దీనికి నేనక్కర్లేదు, వాడి లెక్కల మాస్టారిని అడిగితే చాలు.

నేను ఆగిపోయింది మీరు మాటల్లో మాటగా రాసేసిన ఇంకో చోట. "రోజూ చెబుతూనే ఉన్నానండి, చదవకపోతే మీ నాన్నలాగే వెరావల్ పోయి బోటెక్కాలి, కుక్క బతుకు బతకాలి అని." కాస్త కిందకి వెళితే, "ఆయన ఫోన్ చేస్తే వీడు రెండు ముక్కలు మాట్లాడి నా చేతికిచ్చేస్తాడు" అని ఉంది. ఈ రెండూ వేరువేరు సంగతులని మీరు అనుకుంటున్నారు. కాదు. మగపిల్లాడు ఎలా ఉండాలో మొదట చూసి నేర్చుకునేది తండ్రిని. ఆ తండ్రిది కుక్క బతుకని కన్నతల్లే రోజూ అంటుంటే, వాడు కాగితం మీద ఏం రాస్తాడు? ఇంజనీరని రాసినా, కలెక్టరని రాసినా, 'నేను మా నాన్నలా కాను' అని రాసినట్టే అవుతుంది. వాడు ఆ పని చేయలేక ఊరుకున్నాడేమోనని నా అనుమానం. మీకు సిగ్గనిపించిన ఆ ఖాళీ కాగితం చూస్తే నాకైతే వాడి మీద ముచ్చటేసింది.

మీ భయం నాకు తెలియనిది కాదు. 2018 నవంబరులో వెరావల్ బోట్ల మీద వేటకెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు పాకిస్తాన్‌కి పట్టుబడి, 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. అప్పుడు ఆ ఇళ్లు ఎలా గడిచాయో మీ తీరంలో ఎవరూ మరిచిపోరు. కొడుకు బోటెక్కకూడదని మీరు కోరుకోవడంలో తప్పేమీ లేదు. 'ఆ పని ప్రమాదం, నువ్వు వద్దు' అనండి, వెయ్యిసార్లు అనండి. 'మీ నాన్న బతుకు కుక్క బతుకు' అని మాత్రం ఒక్కసారి కూడా అనకండి. మొదటిది భయంతో వచ్చే మాట. రెండోది మనిషిని తక్కువ చేసే మాట.

అసలు ఆ కోపం పని మీద కూడా కాదనుకుంటాను. ఏడాదిలో ఎక్కువ నెలలు ఆయన అక్కడే. పిల్లాడికి జ్వరమొచ్చినా, ఇంట్లో చావొచ్చినా పెళ్లొచ్చినా మీరొక్కరే చూసుకోవాలి. ఆ బాధ చెప్పాల్సింది ఆయనకి. ఆయన వెయ్యి కిలోమీటర్లకు పైగా అవతల ఉన్నాడు కాబట్టి ఎదురుగా ఉన్న పిల్లాడికి చెబుతున్నారు. ఈ విషయంలో నేను మొండిదాన్ని. మొగుడితో పంచాయితీ ఉంటే మొగుడితోనే తేల్చుకోవాలి, మధ్యలో పిల్లల్ని సాక్షులుగా నిలబెట్టకూడదు.

పైగా మీ ఆయన తండేలు. బోటు మీదున్న అందరి ప్రాణాలూ ఆయన చేతిలోనే. జీపీఎస్ చూసుకోవాలి, వైర్‌లెస్‌లో మాట్లాడాలి, గాలి వాటం పసిగట్టాలి, ఎక్కడ వల వేయాలో తేల్చాలి, సేటుకి లెక్క అప్పజెప్పాలి. వాడి క్లాసులో ఎంతమంది పిల్లల తండ్రులకు ఇన్ని పనులొచ్చు? ఈసారి ఫోన్ వచ్చినప్పుడు మీరు పక్కకి తప్పుకోండి. జీపీఎస్‌లో దారి ఎలా పెడతావు నాన్నా అని వాణ్ని అడగమనండి. నాలుగు రోజులు ఇబ్బందిగా ఉంటుంది, ఉండనివ్వండి.

ఇక చదువు. పదిహేనేళ్లకి లక్ష్యం లేకపోవడం జబ్బేమీ కాదు. తలుపులు మూసుకోకుండా చూస్తే ప్రస్తుతానికి చాలు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలీసెట్‌కి దరఖాస్తు వేయించండి, సీటొస్తే మూడేళ్ల డిప్లొమా. తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. మీ ఎచ్చెర్లలోనే ట్రిపుల్ ఐటీ ఉంది కదా, పదో తరగతి మార్కులు బాగా వస్తే దానికీ వేయండి, ఆరేళ్ల చదువు. ఐటీఐ అంటే చిన్నచూపు వద్దు, ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ పని వచ్చినవాడు పస్తుండడు.

ఇంకొకటి చెబితే మీకు కోపమొస్తుంది, అయినా చెబుతాను. విశాఖపట్నంలో సిఫ్‌నెట్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. పదో తరగతి అయ్యాక రెండేళ్ల కోర్సులు, ఒకటి చేపల ఓడ నడపడం, ఇంకోటి ఓడ ఇంజన్ల ఫిట్టర్ పని. అలాగే బైపీసీ చదివితే ఫిషరీస్ డిగ్రీ కూడా ఉంది. మళ్లీ సముద్రమేనా అంటారు. వాడికి ఇష్టం లేకపోతే వద్దు. కానీ ఇష్టమై ఉండి, మీ భయానికి నోరు మూసుకున్నాడేమో ఒకసారి అడిగి చూడండి.

గుజరాత్‌లో జూన్, జూలై నెలల్లో వేట నిషేధం కాబట్టి ఆయన అప్పుడు ఇంట్లో ఉంటారు. మన దగ్గర సీట్ల హడావుడీ దాదాపు అప్పుడే. ఎక్కడ చేరాలన్నది ముగ్గురూ కూర్చుని తేల్చండి, మేనమామల్నీ పక్కింటివాళ్లనీ పిలవకండి. పాలీసెట్ దరఖాస్తు మాత్రం అంతకంటే ముందే వస్తుంది, ఆయన కోసం ఆగితే తేదీ దాటిపోతుంది. ఫోన్‌లో చెప్పి వేసేయండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు సచివాలయంలో ఇప్పుడే తీసి పెట్టుకోండి, చివర్లో సర్వర్ పనిచేయట్లేదంటే ఏడవాల్సింది మీరే.