అమ్మానాన్నలతో చూడాల్సిన సైన్స్ ఫిక్షన్: నీళ్ల కథతో మొదలుపెట్టండి

అనంతపురం దగ్గర చీనీ (బత్తాయి) తోట ఉంది, అమ్మానాన్నలకు సైన్స్ ఫిక్షన్ అలవాటు లేదు, ఈమధ్య వచ్చినవాటిలో ఏవి చూపించాలి అని అడిగారు. నా మాట ‘డ్యూన్’, నీళ్లు కరువైన ఎడారి గ్రహం మీద జరిగే సినిమా. 2024లో వచ్చిన రెండో భాగం బాగుందని విని నేరుగా అదే పెట్టేస్తారు చాలామంది. 2021 నాటి మొదటి భాగం చూడకపోతే ఎవరికి ఎవరు పగవాళ్లో తెలియదు, అరగంటకే కునుకు పడుతుంది. మొదటిది 155 నిమిషాలు. రెండు రాత్రులకు పంచుకోండి.

వంశాల పేర్లు గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు, నీళ్ల వెంట పొమ్మనండి. ఖర్జూర చెట్ల దగ్గర తోటమాలి ఒక లెక్క చెబుతాడు: ఒక్కో చెట్టు రోజుకు ఐదుగురి నీళ్లు తాగుతుంది, 20 చెట్లంటే 100 ప్రాణాలు. బోరు ఎండిపోయి ట్యాంకర్లతో చీనీ చెట్లు బతికించుకున్నవాళ్లకు ఆ లెక్క విప్పి చెప్పక్కర్లేదు. ఎడారి నాయకుడు ఎదుటివాళ్ల ముందు ఉమ్మేస్తాడు. అది అవమానం కాదు, ఒంట్లోని తడిని కానుకగా ఇవ్వడం. ఇది ముందే చెప్పి ఉంచండి. స్టిల్‌సూట్ అనే దుస్తులు చెమటను వడగట్టి మళ్లీ తాగే నీళ్లు చేస్తాయి. నడకే దానికి కరెంటు. సరిగా పనిచేస్తే రోజుకు గుక్కెడు నీళ్లు కూడా వృథా కావు.

తర్వాత ‘కల్కి 2898 ఏడీ’. మొదటి గంట సాగుతుంది, ఓపిక పట్టండి. గంగ ఎండిన కాశీ, ఉన్నదంతా లాక్కుని ఆకాశంలో వేలాడే పెద్దల కోట కాంప్లెక్స్ చూశాక మీ నాన్నగారే మాట్లాడతారు.

మోటార్లు విప్పి బిగించే అలవాటున్న ఇంట్లో ‘సైలో’ మొదటి సీజన్ తప్పకుండా చూడాలి. భూమి లోపల 144 అంతస్తులు, 10,000 మంది, లిఫ్టు లేదు, అందరికీ కలిపి ఆవిరితో తిరిగే ఒకటే జనరేటర్. మూడో ఎపిసోడ్‌లో దాన్ని ఆపి బాగుచేస్తారు. ఆపితే ఆవిరి పోయే దారి ఉండదు, ఒత్తిడి పెరిగిపోతుంది, ఆలోగా టర్బైన్‌లో వంగిన రెక్కలు సరిచేయాలి. ఈమధ్య టీవీలో ఇంత ఉత్కంఠగా మరమ్మతు చూపించింది నాకు కనబడలేదు.

కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే సిరీస్ ‘డార్క్’ మాత్రం ఇంట్లోవాళ్లకు వద్దు, మీరొక్కరే చూడండి. కాగితం మీద 1953, 1986, 2019 అని మూడు గడులు గీసి, ఒకే మనిషిని మూడింట్లోనూ రాసుకుంటూ పోండి.

పేలుళ్లు చెవులు బద్దలు కొడుతూ మాటలు వినపడకపోతే ఆడియోలో 5.1 (ఆరు స్పీకర్లకు పంచే సౌండ్) తీసేసి స్టీరియో పెట్టండి. 5.1లో మాటలు మధ్య స్పీకర్‌కు పోతాయి, మామూలు టీవీకి అది ఉండదు. హెచ్‌డీ గంటకు 3 జీబీ దాకా లాగుతుంది. ఫోన్ డేటాతో చూసేటట్టయితే క్వాలిటీ ముందే తగ్గించుకోండి.