నడుం పట్టేసిందని మిగిలిన మాత్రలు వేసుకున్నాను, కళ్లు తిరుగుతున్నాయి

ప్రశ్న: నా వయసు 48. బీపీకి మాత్ర వాడుతున్నాను. రెండు నెలల కిందట నడుం పట్టేస్తే డాక్టర్ టిజానిడిన్ 2 ఎంజీ రాత్రిపూట ఐదు రోజులు వేసుకోమన్నారు. తగ్గింది. ఈ వారం మళ్లీ నొప్పి రావడంతో మిగిలిన మాత్రలు మొదలుపెట్టాను. మూత్రంలో మంటకు ఇంట్లో ఉన్న సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కూడా వాడుతున్నాను. నిన్నటి నుంచి లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. టిజానిడిన్ తినక ముందు వేసుకోవాలా, తిన్నాకా?

జవాబు: తిండి సంగతి తర్వాత. మీరు వాడుతున్న ఆ రెండు మందులూ కలవకూడదు. సిప్రోఫ్లాక్సాసిన్ వల్ల టిజానిడిన్ లివర్‌లో త్వరగా కరగదు, రక్తంలో సుమారు పది రెట్లు పెరుగుతుంది. చిన్న మాత్రే కదా అనుకోవద్దు. బీపీ బాగా పడిపోవచ్చు, మత్తు కమ్మవచ్చు. దానికి తోడు మీకు బీపీ మాత్ర ఉంది. కళ్లు తిరగడానికి కారణం ఇదే కావచ్చు. తర్వాతి డోసు వేసుకోకముందే, ఈ రోజే, డాక్టర్‌తో మాట్లాడండి. ఏది ఆపాలో ఆయన బీపీ చూసి చెబుతారు. అప్పటిదాకా బండి నడపకండి, మద్యం, నిద్రమాత్రల జోలికి పోకండి, మంచం మీద నుంచి నెమ్మదిగా లేవండి. స్పృహ తప్పినట్టు అనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మిగిలిన మాత్రల అలవాటు. అప్పటి చీటీ అప్పటి నొప్పికి రాసింది. ఈసారి నడుం నొప్పితో పాటు మూత్రంలో మంట ఉంది. అది కండరం పట్టేయడం కాకపోవచ్చు, కిడ్నీ ఇన్ఫెక్షనో, రాయో కావచ్చు. చూడకుండా తేల్చలేను. మూత్ర పరీక్ష చేయించకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టడం పొరపాటండీ. చలిజ్వరం వచ్చినా, కాళ్లలో బలం తగ్గినా, తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా రేపటిదాకా ఆగకండి.

ఒకవేళ టిజానిడిన్‌ను నెలల తరబడి, ఎక్కువ డోసులో వాడుతున్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. బీపీ ఎగబాకవచ్చు. కండరాల బిగుతుకే వాడే మరో మందు బాక్లోఫెన్‌ను అలా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు.

ఇక మీరు అడిగింది. డాక్టర్ మళ్లీ టిజానిడిన్ వాడమంటే తినక ముందైనా, తిన్నాకైనా ఫరవాలేదు, రోజూ ఒకే పద్ధతిలో వేసుకోండి. మారిస్తే మందు ఒంటికి పట్టే తీరు మారుతుంది.