డ్రైవర్ పోయిందని ఫార్మాట్ కొట్టకు

చి. హారికకు,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూశాను. స్క్రీన్ అంతా నలుపు, పైన ఎడమ మూల ఒక చిన్న గీత. నిన్న సాయంత్రం అప్‌డేట్లన్నీ పెట్టి రీస్టార్ట్ చేశావు, అప్పటినుంచి ఇంతే అన్నావు. తమ్ముడేమో డిస్క్ ఫార్మాట్ కొట్టేసి ఉబుంటు (మీ లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) మళ్లీ ఎక్కిద్దామంటున్నాడట. ముందు వాణ్ణి ఆపు. ఫార్మాట్ చేస్తే మామూలుగానే అయిపోవచ్చు, కాదనను. కానీ ఎందుకు పోయిందో తెలియకుండా బాగైతే, ఇంకో కెర్నల్ (ఉబుంటుకి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) అప్‌డేట్ వచ్చిన రోజు మళ్లీ ఇదే తంతు. పైగా నీ బ్లెండర్ 3డీ బొమ్మల ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఆ డిస్క్‌లోనే ఉన్నాయి.

ఫోన్‌లో చెబితే సగం అర్థం కాదని రాస్తున్నా. కమాండ్లు పలికినట్టే రాస్తాను, నువ్వు ఇంగ్లీషులో కొట్టుకో. 'మైనస్' అన్నచోట ముందు ఖాళీ వదిలి గీత పెట్టు. 'మైనస్ మైనస్' అంటే రెండు గీతలూ మధ్యలో ఖాళీ లేకుండా.

మొదట సిస్టమ్ వెనక్కి వెళ్లి చూడు. నవ్వకు. డెస్క్‌టాప్‌కి మానిటర్ కేబుల్ పెట్టే చోట్లు రెండు ఉంటాయి. యూఎస్‌బీ పోర్టుల పక్కన నిలువుగా ఉన్నది మదర్‌బోర్డుది, దాని కింద అడ్డంగా ఉన్నది గ్రాఫిక్స్ కార్డుది. దుమ్ము దులపడానికి ఎవరో కేబుల్ పీకి పై దాంట్లో పెడితే, ఆ తర్వాత నువ్వు డ్రైవర్‌ని, అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌ని, ఎంత తిట్టినా లాభం లేదు. నీ కేబుల్ కింది దాంట్లోనే ఉందంటే తర్వాతి మాటకి వద్దాం.

నల్ల స్క్రీన్ ఉన్నప్పుడు క్యాప్స్ లాక్ నొక్కు. కీబోర్డు మీద లైటు వెలిగి ఆరుతోందంటే సిస్టమ్ బతికే ఉంది, బొమ్మ మాత్రమే రావడం లేదు. అప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కితే అక్షరాల స్క్రీన్ వస్తుంది. యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనిపించవు, కీబోర్డు పోయిందని టెన్షన్ పడకు, కొట్టి ఎంటర్ నొక్కు.

అదీ రాకపోతే రీస్టార్ట్ చేసి, కంపెనీ లోగో పోయిన క్షణంలో ఎస్కేప్ ఒక్కసారి తట్టు. పాత బయోస్ (ఆన్ చేయగానే మదర్‌బోర్డులో ముందు నడిచే ప్రోగ్రామ్) అయితే షిఫ్ట్ నొక్కి పట్టుకో. గ్రబ్ మెనూ, అంటే దేనితో బూట్ చేయాలో అడిగే జాబితా, వస్తుంది. అందులో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' లోపల కెర్నళ్ల వరుస ఉంటుంది. పైనది కొత్తది, దాని కిందది నిన్నటిదాకా పనిచేసినది. కింది దాన్ని ఎంచుకుని ఎంటర్ కొట్టు.

డెస్క్‌టాప్ మామూలుగా వచ్చిందా? అయితే సగం పని అయిపోయినట్టే. కార్డు బాగుంది, కేబుల్ బాగుంది, నీ ఫైళ్లు బాగున్నాయి. కొత్త కెర్నల్‌కీ నీ ఎన్విడియా కార్డు డ్రైవర్‌కీ మధ్యే ఏదో తెగింది. ఉబుంటు 24.04 మొదట 6.8 కెర్నల్‌తో వచ్చింది. డెస్క్‌టాప్ వాళ్లకి అదే వెర్షన్‌లో తర్వాత 6.11, ఆపైన 6.14 వచ్చాయి. ఎన్విడియా మాడ్యూల్, అంటే డ్రైవర్‌లో కెర్నల్‌కి తగిలే ముక్క, కెర్నల్ లోపల పుట్టినది కాదు, బయటనుంచి వచ్చి చేరేది. అందుకని ప్రతి కొత్త కెర్నల్‌కీ దాన్ని విడిగా తయారుచేయాలి. ఆ తయారీ మధ్యలో ఆగిపోయినా అప్‌డేట్ మాత్రం తన దారిన తాను ముగిసిపోతుంది. నువ్వు రీస్టార్ట్ చేసినప్పుడే బయటపడుతుంది.

పాత కెర్నల్‌తో కూడా రాకపోతే అదే మెనూలో కెర్నల్ పేరు మీద ఉండి 'ఇ' నొక్కు. 'లైనక్స్' అని మొదలయ్యే లైను చివర 'నోమోడ్‌సెట్' అని కలిపి ఎఫ్10 కొట్టు. అది ఆ ఒక్క బూట్‌కే పనిచేస్తుంది. బొమ్మ మొరటుగా, పెద్ద అక్షరాలతో వస్తుంది. అది మందు కాదు, లోపలికి వెళ్లడానికి దొడ్డిదారి అంతే. నోమోడ్‌సెట్‌ని శాశ్వతంగా పెట్టేసుకుని నెలల తరబడి నెమ్మది కంప్యూటర్‌తో నెట్టుకొచ్చేవాళ్లని చాలామందిని చూశాను.

ఇక అసలు విషయం. కొత్త కెర్నల్‌తోనే బూట్ చేసి అక్షరాల స్క్రీన్‌లోకి వెళ్లు. ఏదీ ఇన్‌స్టాల్ చేయకు, ఏదీ తీసేయకు. ముందు చదువు. 'ఎల్ఎస్‌పీసీఐ మైనస్ ఎన్ఎన్‌కే' కొడితే చాంతాడంత జాబితా వస్తుంది. అందులో 'వీజీఏ' అన్న ముక్క పట్టుకో. నీది జీటీఎక్స్ 1050 టీఐ కదా, పక్కన 10డీఈ:1సీ82 అన్న నంబరు కనిపించాలి. మొదటి సగం ఎన్విడియా కంపెనీది, రెండోది నీ కార్డుది. అది కనిపించిందంటే మదర్‌బోర్డు కార్డును గుర్తుపట్టింది. దాని కింద 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' అన్న లైను ఉందా, ఉంటే ఎదురుగా ఏముంది చూడు.

'ఎన్విడియా' అని ఉంటే డ్రైవర్ ఎక్కింది, తగాదా ఇంకా పైన ఎక్కడో ఉంది. 'నూవో' (స్పెల్లింగ్ ఎన్ఓయూవీఈఏయూ) అని ఉంటే కెర్నల్‌తో పాటే వచ్చే ఓపెన్ డ్రైవర్ కార్డును పట్టుకుంది. డెస్క్‌టాప్ రావడానికి అది చాలు. కానీ నీ కార్డు తరంలో వేగం పెంచాలంటే ఎన్విడియా సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రామ్) కావాలి. అది నూవో చేతికి రాలేదు కాబట్టి కార్డు తక్కువ వేగంలోనే నడుస్తుంది. కార్డు మీద లెక్కలు నడిపించే ఎన్విడియా 'కుడా' ఏర్పాటు సైతం ఉండదు. బ్లెండర్‌లో సైకిల్స్ (బొమ్మ తయారుచేసే ఇంజన్) రెండర్ ప్రాసెసర్ మీదే పడుతుంది. ఈ రెండు డ్రైవర్లనీ కలిపి నడపలేం. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు.

ఆ లైనే లేకపోతే, నీ విషయంలో అదే అయ్యుంటుందని నా అనుమానం, 'సుడో మోడ్‌ప్రోబ్ ఎన్విడియా' కొట్టు. అది తిట్టే తిట్టులోనే జవాబు ఉంటుంది. జనం ఆ తిట్టు చదవకుండా నెట్‌లో దొరికిన కమాండ్లు పది కొట్టేస్తారు.

'మాడ్యూల్ ఎన్విడియా నాట్ ఫౌండ్' అంటే ఈ కెర్నల్‌కి మాడ్యూల్ తయారే కాలేదు. ఒక్కో కెర్నల్‌కి మాడ్యూల్ తయారుచేసేది డీకేఎంఎస్. 'డీకేఎంఎస్ స్టేటస్' కొడితే ఏ కెర్నల్‌కి అయిందో, దేనికి కాలేదో వరుసగా చూపిస్తుంది. ఎక్కువసార్లు కొత్త కెర్నల్ హెడర్లు (మాడ్యూల్ తయారీకి కావాల్సిన ఫైళ్లు) లేకపోవడమే కారణం. 'యూనేమ్ మైనస్ ఆర్' కొట్టి వచ్చిన పేరు రాసుకుని, 'లైనక్స్-హెడర్స్-' పక్కన ఆ పేరు తగిలించి ఆప్ట్‌తో (ఉబుంటులో ప్యాకేజీలు ఎక్కించే కమాండ్) ఇన్‌స్టాల్ చెయ్. తర్వాత 'సుడో డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్'. అక్కడ వైఫై మొరాయిస్తే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి ఫోన్ నెట్ కంప్యూటర్‌కి వచ్చేలా యూఎస్‌బీ టెథరింగ్ పెట్టు.

హెడర్లు ఉండి కూడా తయారవకపోతే వార్, లిబ్, డీకేఎంఎస్, ఎన్విడియా ఫోల్డర్ల కింద 'మేక్ డాట్ లాగ్' అనే ఫైలు వెతుకు. చివరి లైను కాకుండా 'ఎర్రర్' అన్న మాట మొదట ఎక్కడ వచ్చిందో అది చదువు. 2024 జనవరిలో ఉబుంటు 22.04 వాళ్లకి 6.5 కెర్నల్ వచ్చినప్పుడు చాలామందికి స్క్రీన్లు నల్లబడ్డాయి. ఆ కెర్నల్‌ని జీసీసీ అనే కంపైలర్ (కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చేది) 12వ వెర్షన్‌తో తయారుచేశారు, వాళ్ల మెషీన్లలో ఉన్నది జీసీసీ 11. కొత్త కంపైలర్‌కి తెలిసిన ఒక ఆప్షన్ పాతదానికి అర్థం కాలేదు. జీసీసీ-12 ఎక్కిస్తే సరిపోయేది. లాగ్ చదివినవాళ్లు కాసేపట్లో బయటపడ్డారు. చదవనివాళ్లు కార్డే కాలిపోయిందనుకున్నారు.

'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అంటే మాడ్యూల్ తయారైంది, కానీ మెషీన్ కాపలాదారు సెక్యూర్ బూట్ దాన్ని గుమ్మంలోనే ఆపేసింది. ఆ మాడ్యూల్ మీద ఉన్న సంతకం నీ మెషీన్‌కి తెలియదు. డ్రైవర్ పెట్టేటప్పుడు ఉబుంటు నిన్ను ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. తర్వాతి రీస్టార్ట్‌లో నీలం స్క్రీన్ వచ్చి ఏదో ఒక కీ నొక్కమంటుంది. పది సెకన్లు మాత్రమే ఆగుతుంది. ఆ టైములో నువ్వు టీ తెచ్చుకోవడానికి వెళ్లావా, అది దాటిపోతుంది. అక్కడ 'ఎన్‌రోల్ ఎంఓకే', 'కంటిన్యూ', 'యెస్' నొక్కి ఆ పాస్‌వర్డే ఇవ్వాలి. దాటిపోతే 'సుడో అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ మైనస్ మైనస్ ఎన్‌రోల్-కీ' కొట్టి మళ్లీ రీస్టార్ట్ చెయ్. బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపేసినా పని జరుగుతుంది. కానీ మీ ఇంట్లో అదే మెషీన్‌లో విండోస్ కూడా ఉంది. దానికి బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ తాళం) పెట్టి ఉంటే రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఎక్కడుందో మీ నాన్నకి తెలుసేమో ముందే కనుక్కో.

'నో సచ్ డివైస్' అంటే కార్డు ఎదురుగానే ఉన్నా డ్రైవర్ అది తనది కాదంటోంది. నీ కార్డు ఉన్నవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఎన్విడియా 2022 మేలో తన కెర్నల్ మాడ్యూళ్ల సోర్స్ కోడ్ బయటపెట్టింది. దానికి పదేళ్ల ముందు లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఫిన్లాండ్‌లో ఒక సభలో ఆ కంపెనీకి మధ్యవేలు చూపించిన సంగతి గుర్తొచ్చి మేమంతా నవ్వుకున్నాం. అయితే ఆ ఓపెన్ మాడ్యూల్ ట్యూరింగ్ తరం నుంచే పనిచేస్తుంది, అంటే జీటీఎక్స్ 16, ఆర్‌టీఎక్స్ 20 మొదలుకొని. నీ 1050 టీఐ దానికి ముందరి పాస్కల్ తరం. ప్యాకేజీ పేరు చివర 'ఓపెన్' అని ఉన్నది ఎక్కిస్తే, 'డీమెసేజ్' (స్పెల్లింగ్ డీఎంఈఎస్‌జీ) లాగ్‌లో నీ కార్డులో ఆ మాడ్యూల్‌కి కావాల్సిన జీఎస్‌పీ అనే ప్రాసెసర్ లేదని సూటిగానే రాస్తుంది. పేరులో ఓపెన్ ఉంది కదా, లైనక్స్‌కి అదే మంచిదనుకుని ఎక్కించేవాళ్లు ఎందరో. నువ్వు ఆ తోక లేనిదే పెట్టు. ఇంకో మాట, పాస్కల్ కార్డులకి 580 వరుసే ఆఖరిది. అంతకన్నా పెద్ద నంబరు కనిపించినా ఆశపడకు.

'ఉబుంటు-డ్రైవర్స్ డివైసెస్' కొడితే నీ కార్డుకి సరిపడేవి చూపించి, ఒకదాని పక్కన 'రికమెండెడ్' అని రాస్తుంది. అది పెట్టుకో. ఎన్విడియా సైట్‌లోంచి 'డాట్ రన్' ఫైలు దింపి ఎక్కించొద్దు. ఆప్ట్ పెట్టిన ఫైళ్ల మీద అది తన ఫైళ్లు పరుస్తుంది, రెండిటికీ లెక్క కుదరదు. తమ్ముడు ఇప్పటికే అది చేసి ఉంటే, అదే ఫైలుని 'మైనస్ మైనస్ అన్‌ఇన్‌స్టాల్' తగిలించి నడిపి తీసేశాకే ఆప్ట్ జోలికి వెళ్లు.

కొన్ని చిన్నవి. 'ఎన్విడియా-ఎస్ఎంఐ' కొడితే 'డ్రైవర్ లైబ్రరీ వెర్షన్ మిస్‌మ్యాచ్' అందా, ఊరికే రీస్టార్ట్ చెయ్. పాత మాడ్యూల్ మెమరీలో ఉండగా కొత్త లైబ్రరీలు దిగాయి, అంతే. డెస్క్‌టాప్ వచ్చినా కిటికీ లాగితే ఈడుస్తోందంటే 'జీఎల్ఎక్స్ఇన్ఫో మైనస్ బి' కొట్టు. ఆ 'బి' పెద్దక్షరం. అందులో 'ఎల్ఎల్‌వీఎం పైప్' అని కనిపిస్తే బొమ్మంతా ప్రాసెసరే గీస్తోంది. లాగిన్ దగ్గర పాస్‌వర్డ్ కొట్టగానే మళ్లీ లాగిన్‌కే వస్తుంటే, కింద మూల చక్రం గుర్తు నొక్కి 'ఉబుంటు ఆన్ క్సార్గ్' (స్క్రీన్ నడిపే పాత పద్ధతి) ఎంచుకుని చూడు. నీ స్నేహితురాలి ఏఎండీ కార్డుకి ఈ గొడవలేవీ లేవు, దాని డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది. కార్డు మరీ కొత్తదై కెర్నల్ పాతదైతే తప్ప ఆ అమ్మాయికి ఇబ్బంది రాదు.

ఒక్కటి మాత్రం సాఫ్ట్‌వేర్‌తో తేలేది కాదు. 'జర్నల్‌సీటీఎల్ మైనస్ బి మైనస్ 1 మైనస్ కె' కొడితే కిందటి బూట్‌లో కెర్నల్ ఏమందో వస్తుంది. అందులో 'ఎక్స్ఐడీ 79', 'ఫాలెన్ ఆఫ్ ది బస్' అని కనిపిస్తే కార్డుతో మాట సాంతం తెగిపోయింది. పవర్ ఆపి, ప్లగ్గు తీసి, కార్డు బయటికి లాగి, కాంటాక్టులు పొడి గుడ్డతో తుడిచి, క్లిప్పు టక్కుమనేదాకా నొక్కి మళ్లీ పెట్టు. అయినా వస్తుంటే పవర్ సప్లై అనుమానించాలి.

బాగయ్యాక పాత కెర్నల్ తీసేయకు. జాగా తక్కువని, అక్కర్లేని ప్యాకేజీలు తీసేసే ఆటోరిమూవ్ కొట్టే ముందు, కొత్తదానితో ఒకసారి రీస్టార్ట్ చేసి డెస్క్‌టాప్ చూడు. ప్రాజెక్టు సబ్మిషన్ ముందు రాత్రి అప్‌డేట్లు పెట్టొద్దని నేను చెప్పక్కర్లేదనుకుంటా.

ఇంత చేసినా రాకపోతే 'పనిచేయట్లేదు పెదనాన్నా' అని మెసేజ్ పెట్టకు. ఎల్ఎస్‌పీసీఐ, మోడ్‌ప్రోబ్, డీకేఎంఎస్ స్టేటస్, ఈ మూడూ కొట్టినప్పుడు స్క్రీన్ మీద వచ్చింది ఫొటోలు తీసి పంపు. అక్షరాలు చదవగలిగేలా ఫ్లాష్ ఆపి తియ్. రాత్రి తొమ్మిదిన్నర దాకా మెలకువగానే ఉంటాను.

అమ్మానాన్నలని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న