అమెరికా మహిళల సాకర్ లీగ్‌లో విదేశీ ప్లేయర్లకు ఎంత చోటు?

మీరు అడిగింది మూడు ముక్కలు: అమెరికా మహిళల లీగ్ ఎన్‌డబ్ల్యూఎస్‌ఎల్‌లో ఒక్కో జట్టు ఎంతమంది విదేశీయుల్ని పెట్టుకోవచ్చు, వాళ్లు యూరప్ వదిలి ఇక్కడికెందుకు వస్తారు, దీనివల్ల అమెరికన్ అమ్మాయిలకు నష్టం కాదా అని. నేను కోచ్‌ని కాను, రిపోర్టర్‌ని అంతకన్నా కాను. కాన్సాస్ సిటీ దగ్గర ఉంటాం. 2024లో ఇక్కడి జట్టు కాన్సాస్ సిటీ కరెంట్ కోసం సీపీకేసీ స్టేడియం తెరిచినప్పటి నుంచి నాకూ మా అమ్మాయికీ సీజన్ టికెట్లున్నాయి. మా ఆయన మాత్రం చలి పడదని ఇంట్లో టీవీ ముందే ఉంటారు. కాబట్టి నేను చెప్పేదంతా స్టాండ్స్‌లో కూర్చుని చూసింది, ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నది.

ముందు లెక్క చూద్దాం. విదేశీ ప్లేయర్ ఉండాలంటే జట్టు దగ్గర ‘ఇంటర్నేషనల్ స్లాట్’ ఉండాలి. 2024లో 14 జట్లు ఉంటే ఒక్కోదానికి 7 స్లాట్లు ఇచ్చారు. వీటిని జట్లు ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకోవచ్చు, అందుకే ఒకచోట ఎక్కువ, ఇంకోచోట తక్కువ కనిపిస్తాయి. అసలు తమాషా ఏమిటంటే, ఇక్కడ ‘విదేశీ’ అంటే ఏ దేశం జెర్సీ వేసుకుంటుందన్నది కాదు, చేతిలో ఏ కాగితం ఉందన్నది. గ్రీన్ కార్డు వస్తే చాలు, ఆమె తన దేశానికి వరల్డ్ కప్ ఆడుతున్నా సరే, ఇక్కడ లోకల్ కిందే లెక్క. స్లాట్ ఖాళీ అవుతుంది, జట్టు ఇంకొకరిని తెచ్చుకుంటుంది.

ఈ రూల్ మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. పదకొండేళ్లుగా హెచ్‌-1బీ మీద ఉంటూ ఈబీ-2 గ్రీన్ కార్డు లైన్లో నిలబడి ఉన్నదాన్ని నేను. ఫలానా ప్లేయర్‌కి గ్రీన్ కార్డు వచ్చిందని వార్త కనపడితే గోల్ కొట్టినంత సంతోషం, ఆ వెనకే కొంచెం కుళ్లు. పేరున్న క్రీడాకారులకు ఈబీ-1 అనే తొందరగా కదిలే దారి ఉంటుంది లెండి, మనలాంటి వాళ్లతో పోలికేముంది!

ఇక ఎందుకొస్తారన్నది. డబ్బు కోసం అనేస్తే సగమే నిజం. 2013లో లీగ్ మొదలైనప్పుడు సీజన్‌కి కనీస జీతం 6,000 డాలర్లు, గరిష్ఠం 30,000. అమెరికా, కెనడా, మెక్సికో ఫెడరేషన్లు తమ తమ జాతీయ జట్ల ప్లేయర్లకు తామే జీతమిచ్చేవి. మిగతా దేశాల వాళ్లు క్లబ్ మొత్తం జీతాలకు ఉండే 2 లక్షల డాలర్లలోనే సర్దుకోవాలి. అయినా ఆస్ట్రేలియా నుంచి శామ్ కెర్ ఆ ఏడాదే, పందొమ్మిదేళ్లకే వచ్చేసింది. తర్వాత 2017, 2018, 2019 మూడేళ్లూ ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లకిచ్చే గోల్డెన్ బూట్ ఆమెదే. 2017లో సియాటిల్ మీద 0-3తో వెనకబడిన మ్యాచ్‌ని ఆమె నాలుగు గోల్స్‌తో 5-4గా తిప్పేసిన వీడియో మా ఇంట్లో ఎన్నిసార్లు నడిచిందో లెక్కలేదు.

అంతకుముందు తరం ఇంకా మొండిది. 2009లో ఇక్కడే మొదలైన డబ్ల్యూపీఎస్ అనే పాత మహిళల లీగ్‌లో బ్రెజిల్ మార్తా మూడేళ్లలో మూడు జట్లకు ఆడింది. జట్టు మారాలని ముచ్చటపడి కాదు. లాస్ ఏంజెలెస్ జట్టు ఒక్క సీజన్‌కే మూతపడింది. తర్వాత చేరిన గోల్డ్ ప్రైడ్ 2010లో టైటిల్ గెలిచి మరీ మూతపడింది. 2012లో లీగే పోయింది. మనకైతే ఒక్క లేఆఫ్‌కే నిద్ర పట్టదు. ఆవిడ 2017లో మళ్లీ వచ్చి ఈ లీగ్‌లోని ఓర్లాండో జట్టులో చేరింది.

ఇప్పుడు డబ్బూ ఉంది. 2025లో కనీస జీతం 48,500 డాలర్లు, జట్టు మొత్తం జీతాల పరిమితి (శాలరీ క్యాప్) 33 లక్షలు. జాంబియా స్ట్రైకర్ బార్బ్రా బాండా కోసం ఓర్లాండో 2024లో షాంఘై క్లబ్‌కి దాదాపు 7.4 లక్షల డాలర్లు కట్టింది. మా టెమ్వా చవింగా కూడా చైనా మీదుగానే వచ్చింది. ‘మా’ అనేశాను, క్షమించండి, అలవాటైపోయింది. మలావిలో పుట్టి, స్వీడన్‌లో ఆడి, వూహాన్‌లో ఒక్క 2023లోనే 63 గోల్స్ కొట్టి ఇక్కడికి చేరింది. ఇంగ్లాండ్ ఎందుకు వెళ్లలేదని మా అమ్మాయి అడిగింది. ఆమెకి వేరే కారణాలేమైనా ఉండొచ్చు గానీ, అక్కడ వర్క్ పర్మిట్‌కి పాయింట్ల పద్ధతి ఉంది. దేశపు జట్టు ర్యాంకు కూడా చూస్తారు. ర్యాంకుల్లో కింద ఉన్న మలావి లాంటి దేశంలో పుట్టిన అమ్మాయికి అది గోడే. ఇక్కడి స్లాట్‌కి దేశపు ర్యాంకుతో పనిలేదు. నాకైతే మీ రెండో ప్రశ్నకు అన్నిటికన్నా బలమైన జవాబు ఇదే అనిపిస్తుంది.

చవింగాని టీవీలో కాదు, గ్రౌండ్‌లోనే చూడాలి. బంతి తన దగ్గర లేనప్పుడు చూడాలి. ఎదుటి డిఫెండర్ తీరిగ్గా గోల్‌కీపర్‌కి వెనక్కి పాస్ ఇద్దామని కాలెత్తుతుంది. అప్పటిదాకా నడుస్తున్నట్టే ఉన్న చవింగా ఆ కాలు లేచిన క్షణంలో పరుగందుకుంటుంది. మా వరసంతా ఒక్కసారి లేచి నిలబడుతుంది. 2024లో 20 గోల్స్‌తో గోల్డెన్ బూట్, సీజన్ ఉత్తమ ప్లేయర్‌కిచ్చే ఎంవీపీ రెండూ ఆమెవే. 2025లో మళ్లీ రెండూ.

మా ఏడుపు కథ కూడా చెప్పాలి. 2024 ఫైనల్ మా స్టేడియంలోనే అని తెలిసి, మన జట్టు ఎలాగూ వస్తుందన్న ధీమాతో ముందే టికెట్లు కొనేశాం. తీరా సెమీస్‌లో ఓర్లాండో 3-2తో మమ్మల్ని ఇంటికి పంపింది. ముప్పై ఎనిమిదేళ్ల మార్తా మా డిఫెండర్లను వరసగా దాటి, గోల్‌కీపర్‌ని కూడా చుట్టేసి ఖాళీ నెట్‌లోకి కొట్టిన గోల్ ఒకటుంది అందులో. మా ఆయన “మనవాళ్లకైనా చప్పట్లు కొట్టక తప్పదు దీనికి” అన్నారు. టికెట్లు అమ్మేద్దామంటే పిల్ల ఒప్పుకోలేదు. నవంబరు 23న మా జట్టు టీల్ రంగు జెర్సీల్లోనే వెళ్లి, వాషింగ్టన్ మీద బాండా కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో మార్తా కప్పెత్తడం చూశాం. “అమ్మా, మనల్ని ఓడించినావిడ గెలిస్తే నాకెందుకు ఏడుపొస్తోంది?” అంది. నాకూ వస్తోందని చెప్పలేదు.

అమెరికన్లకు నష్టమా? నాకలా అనిపించదు. 2024 లెక్కే తీసుకుంటే, జట్టులో 26 మంది దాకా ఉంటే 7 స్లాట్లు. నాలుగింట మూడొంతులకు దగ్గరగా మిగిలేది లోకల్ వాళ్లకే. 2026లో బోస్టన్, డెన్వర్ జట్ల చేరికతో చోట్లు ఇంకా ఎక్కువే. పైగా రాకపోకలు రెండువైపులా ఉన్నాయి. అమెరికా డిఫెండర్ నవోమి గిర్మాని 2025 జనవరిలో ఇంగ్లాండ్ క్లబ్ చెల్సీ దాదాపు 11 లక్షల డాలర్లకు పట్టుకుపోయింది. మా అమ్మాయి క్లబ్‌లో కోచ్ మా జట్టు బ్రెజిల్ ప్లేయర్ డెబిన్యా క్లిప్పులు చూపిస్తారు. బంతి అందుకునే ముందే భుజం మీదుగా వెనక్కి ఎలా చూసుకుంటుందో గమనించమంటారు. ఇప్పుడు పిల్లలంతా బంతి రాకపోయినా వెనక్కి తిరిగి చూస్తుంటారు, అది వేరే సంగతి.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది వీసాల గొడవ. 2025 ఏప్రిల్‌లో ప్రయాణ నిబంధనల భయంతో జాంబియా ఫెడరేషన్ బాండా, మరో జాంబియా స్ట్రైకర్ కుందనాంజీ సహా అమెరికాలో ఆడేవాళ్లను చైనా టూర్‌కి పిలవలేదు. అదే ఆగస్టులో విజిటర్ వీసాకి 15,000 డాలర్ల దాకా పూచీకత్తు బాండు కట్టించే పథకం మొదలైంది. మొదట పెట్టిన రెండు దేశాలూ మలావి, జాంబియాలే. లీగ్‌లో ఇద్దరు పెద్ద స్ట్రైకర్లు పుట్టిన దేశాలవి. అక్కణ్ణుంచి ఒక అమ్మో అక్కో మ్యాచ్ చూడ్డానికి రావాలంటే ఏమిటి పరిస్థితి? మా అమ్మ వీసా ఇంటర్వ్యూ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు నేను.

ఒకవేళ మీరు చూడ్డానికి వస్తుంటే ఒక్క మాట. ఎవరు ఆడటం లేదో చెబుతూ ముందురోజు లీగ్ ఇచ్చే లిస్టు చూసుకుని బయల్దేరండి. 2025 సీజన్ చివర్లో మా తమ్ముడు చవింగా కోసమే డల్లాస్ నుంచి ఎనిమిది గంటలు కారు నడుపుకుంటూ వచ్చాడు. ఆమె గాయంతో ఆడటం లేదని పార్కింగ్‌లో తెలిసింది వాడికి.