1918లో బ్రిటన్ ఇచ్చిన ఓటు హక్కు ఆయుధ కర్మాగారాల్లో పనిచేసిన యువతులకు దక్కిందా?

వారిలో చాలామందికి దక్కలేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో తూటాలు, ఫిరంగి గుండ్లు తయారుచేసిన స్త్రీలలో ఎక్కువమంది 30 ఏళ్లలోపువారు కాగా, 1918 నాటి చట్టం ఆ వయసు నిండినవారికే, అదీ ప్రధానంగా తమ పేరనో భర్త పేరనో ఇల్లు లేదా స్థలం ఉన్నవారికే ఓటు ఇచ్చింది. పురుషులకు 21 ఏళ్లు, యుద్ధ సేవలో ఉన్నవారికి 19 ఏళ్లు నిండితే చాలన్నారు. యుద్ధంలో లక్షల మంది పురుషులు మరణించినందున, వయోపరిమితి సమానంగా ఉంటే ఓటర్లలో స్త్రీలదే పైచేయి అవుతుందని పార్లమెంటు సభ్యులు వెనుకాడారు. ఆ సమానత్వం 1928లో గాని రాలేదు.

ఆ పని ఎంత ప్రమాదకరమో చెప్పడానికి లీడ్స్ సమీపంలోని బార్న్‌బో కర్మాగారమే ఉదాహరణ. 1916 డిసెంబరు 5 రాత్రి, గుండ్లకు ఫ్యూజులు బిగించే గదిలో జరిగిన పేలుడులో 35 మంది స్త్రీలు మరణించినా, సెన్సారు ఆంక్షల వల్ల పత్రికలు ఆ సంగతిని బయటపెట్టలేకపోయాయి. టీఎన్‌టీ అనే పేలుడు పదార్థాన్ని గుండ్లలో నింపేవారికి చర్మం, ముంగురులు పసుపురంగుకు తిరిగేవి. అందుకే జనం వారిని, పసుపురంగులో ఉండే చిన్న పక్షుల పేరుతో, 'కానరీ పిట్టలు' అన్నారు. ముద్దుపేరులా వినిపించినా, అది కాలేయాన్ని దెబ్బతీసే విషప్రభావానికి గుర్తు.

యుద్ధసేవకు ప్రతిఫలంగానే స్త్రీలకు ఓటు వచ్చిందన్నది తరచూ కనిపించే పొరపాటు. దశాబ్దాల ఓటుహక్కు ఉద్యమాన్ని అది మరుగుపరుస్తుంది. పైగా చట్టాన్ని సవరించక తప్పని స్థితి తెచ్చింది, ఇల్లు విడిచి యుద్ధానికి వెళ్లి, ఓటుకు అవసరమైన నివాస అర్హత కోల్పోయిన సైనికుల సమస్య.