జింక వేటకు ఎఫ్‌ఎఫ్‌పీ స్కోపా, ఎస్‌ఎఫ్‌పీ స్కోపా?

టెక్సస్‌లో ఉన్న మీ తమ్ముడు ఈ నవంబర్‌లో మొదటిసారి వైట్‌టెయిల్ జింక వేటకు వెళ్తున్నాడని, అతని 308 రైఫిల్‌కు స్కోపు (గురి చూసే దుర్బిణి) మీరు కొనిపెడదామనుకుంటున్నారని రాశారు. 4-16 జూమ్, 44 మి.మీ. కటకం ఉన్న ఎఫ్‌ఎఫ్‌పీ (ఫస్ట్ ఫోకల్ ప్లేన్) స్కోపా, 3-9 జూమ్, 40 మి.మీ. ఎస్‌ఎఫ్‌పీ (సెకండ్ ఫోకల్ ప్లేన్) స్కోపా అన్నది మీ ప్రశ్న. నన్నడిగితే 3-9 ఎస్‌ఎఫ్‌పీయే కొనండి.

నేను ఆరేళ్లు శాన్ ఆంటోనియోలో ఉండి నాలుగు సీజన్లు వేటకు వెళ్లాను. ఇప్పుడు మీలాగే బెంగళూరులో, మారతహళ్లిలో ఉంటున్నాను. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది కాబట్టి ఇక్కడ జింక వేట మాటే లేదు, ఉండకూడదు కూడా. సెలవు దొరికితే శ్రీనివాసపురం దగ్గర మా బావమరిది మామిడితోటలో ఎయిర్ రైఫిల్‌తో కాగితం మీద గురి చూసుకుంటాను, అంతే.

జూమ్ కటకాలకు ముందు రెటికల్ (స్కోపులో కనిపించే గురి గీతలు) ఉంటే ఎఫ్‌ఎఫ్‌పీ. జూమ్ పెంచితే బొమ్మతో పాటు గీతలూ పెరుగుతాయి. అందుకే ఒక మిల్ (కోణానికి కొలత, 100 గజాల్లో 3.6 అంగుళాలు) గీత ఏ జూమ్‌లోనైనా ఒక మిల్లే. రెటికల్ వెనక ఉంటే ఎస్‌ఎఫ్‌పీ. గీతలు ఎప్పుడూ ఒకే మందంలో కనిపిస్తాయి, కానీ వాటి కొలత ఒక్క జూమ్‌లోనే నిజం. చాలా స్కోపుల్లో అది గరిష్ఠ జూమ్. ఇది చదివితే ఎఫ్‌ఎఫ్‌పీయే మేలనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి మొదట అదే కొన్నాను.

టెక్సస్‌లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా జింకను కాల్చవచ్చు. జింకలు ఎక్కువగా బయటికొచ్చేది ఆ మసక వెలుతురులోనే. మొదటి సీజన్‌లో ఒక సాయంత్రం ఓక్ చెట్టు నీడలో మగజింక నిలబడింది. స్కోపు 4లో ఉంది. గీతలు వెంట్రుకంత సన్నమై ఆ చీకట్లో కలిసిపోయాయి. 16కి తిప్పితే గీతలు కనిపించాయి గానీ జింక మసకబారిపోయింది. 44ని 16తో భాగిస్తే కంటికి చేరే కాంతిపుంజం వెడల్పు 2.75 మి.మీ.లే. గురి ఎక్కడుందో తెలియకుండా ప్రాణం మీదికి తూటా వదలలేను. రైఫిల్ దించేశాను.

ఈ మధ్య సాయంత్రం ఆరు దాటాక మా మేడ మీద రెండు రకాల స్కోపులూ చేత్తో పట్టుకుని ఎదురుగా ఉన్న కానుగ చెట్టు కిందికి చూశాను. 4లో ఎఫ్‌ఎఫ్‌పీ గీతలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఎస్‌ఎఫ్‌పీ డ్యూప్లెక్స్ (అంచుల్లో లావుగా, మధ్యలో సన్నగా ఉండే) రెటికల్ లావు గీతలు మాత్రం కన్ను పెట్టగానే దొరికాయి.

ఎస్‌ఎఫ్‌పీలో ఒక ప్రమాదం ఉంది, అది నేను చేసిన తప్పు వల్లే తెలిసింది. 250 గజాల్లో జింక. 100 గజాలకు జీరో చేసిన (అక్కడ మధ్య గురికే తగిలేలా సరిచేసిన) నా 308 తూటా అక్కడికి వెళ్లేసరికి సుమారు తొమ్మిది అంగుళాలు పడుతుంది, అంటే ఒక మిల్. కింది మిల్ గీత పెట్టి కాల్చాను. జూమ్ 4.5లో ఉందని చూసుకోలేదు. 9లో ఒక మిల్ అయిన గీత 4.5లో రెండు మిల్‌లు. తూటా తొమ్మిది అంగుళాలు ఎత్తుగా, వీపు మీదుగా పోయింది. గాయపడి పొదల్లోకి పారిపోయి ఉంటే? ఆ ఆలోచనతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటినుంచి గీతలతో గురి పెట్టాలంటే ముందు జూమ్ చివరిదాకా తిప్పుతాను. దగ్గరి జింకైతే మధ్య గురి చాలు, జూమ్ ఎంతున్నా ఫర్వాలేదు.

ఎఫ్‌ఎఫ్‌పీని తీసిపారేయడం లేదు. మామిడితోటలో నేను వాడేది అదే. పట్టపగటి ఎండ, పది నుంచి యాభై మీటర్ల దాకా మారే దూరాలు, పెల్లెట్ త్వరగా పడిపోతుంది, ప్రతిసారీ గీతలతోనే పని. చెట్లు తక్కువున్న పశ్చిమ టెక్సస్‌లో 300 గజాలు దాటి కాల్చేవాళ్లకీ అది పనికొస్తుంది. రెటికల్ వెలిగే ఎఫ్‌ఎఫ్‌పీ అయితే మసక వెలుతురు సమస్య చాలావరకు తీరుతుంది. కానీ ధర, బరువు రెండూ ఎక్కువ, పైగా బ్యాటరీని నమ్ముకోవాలి.

మీ తమ్ముడు కూర్చునే మంచె నుంచి ఫీడర్ (జింకలకు మేత వేసే పరికరం) దాకా ఎన్ని గజాలో కనుక్కుని ఇక్కడే రాయండి. రెండొందల లోపైతే ఇంకేం ఆలోచించకుండా 3-9 తీసుకోండి. దాటితే అతను ఎంత దూరం దాకా సాధన చేశాడో కూడా చెప్పండి, అప్పుడు మళ్లీ చూద్దాం.